రేడియో మిత్రుల తిరునాళ్ళు

సముద్రమునకు ఆవలనున్న మనుష్యునితో ఇంట కూర్చుండియే మాటలాడగలవాడు, తనవంటి వారిని మరికొందరిని చూచుటకు 200 కిలోమీటర్లు కారులో పోవుట వింతగా తోచును. ఐనను ప్రతి సంవత్సరము మే నెలలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జీనియా అను చిన్న పట్టణమునకు వేలకొలది జనులు ఇట్లే పోవుచుందురు. వీరందరును ఔత్సాహిక రేడియో నడుపువారు. లోకమున వీరికి 'హామ్‌'లని పేరు. వీరి ఈ కూటమికి 'హామ్‌వెన్షన్' అని పేరు. 2024లో దీనికి 35 వేలకు పైగా జనులు వచ్చిరి.

మన ఊళ్ళలో తిరునాళ్ళకు పోవువారికి దైవదర్శనము ఒక్కటియే పని కాదు. ఎడ్లను చూతురు, పలుపులు, మువ్వలు కొందురు, దూరపు చుట్టములను కలిసికొందురు, పొరుగూరి పంటల ముచ్చట విందురు. రేడియో వారి తిరునాళ్ళును ఇట్టిదే. అక్కడ ఏమి జరుగునో, దాని అవసరమేమో తెలిసికొనుటకు ఒక ఉపాధ్యాయుని వెంట పోయి చూతము.

హామ్‌లనగా ఎవరు?

రేడియో కేంద్రమనగానే ఆకాశవాణివంటి పెద్ద సంస్థ స్ఫురించును. ఆకాశవాణి మాటలాడును, శ్రోతలు విందురు. ఔత్సాహిక రేడియోలో అట్లు కాదు. ప్రతివాడును మాటలాడును, ప్రతివాడును వినును. ప్రభుత్వము పరీక్ష పెట్టి, ఉత్తీర్ణులైనవారికి లైసెన్సును, ఒక పిలుపు గుర్తును ఇచ్చును. భారతదేశపు హామ్‌ల గుర్తులు సాధారణముగా 'వి.యు.' అను అక్షరములతో మొదలగును. హామ్ ప్రతిఫలము తీసికొని వార్తలు పంపరాదు. వ్యాపారమునకు రేడియోను వాడరాదు. అర్థమును దాచు రహస్యలిపిని ఉపయోగింపరాదు.

ఈ కట్టుబాట్లలో ఒక ముఖ్యమైన సంగతి ఇమిడియున్నది. డబ్బు రాని విద్య కాబట్టి దీనిని జీతమునకు నేర్పువారు తక్కువ. తెలిసినవాడు తెలియనివానికి చెప్పవలసినదే. పుస్తకములు కలవు, నిజమే. గాని చేతిపనిలో వచ్చు చిక్కులన్నియు పుస్తకమున దొరకవు.

ఒక బడిలోని చిక్కు

ఇండియానాపొలిస్ నగరమునకు దగ్గరనున్న ఒక బడిలో సైన్సు చెప్పు ఉపాధ్యాయుడు ఒకడు కలడనుకొందము. అతడు లైసెన్సు గల హామ్. పిల్లలకు విద్యుత్తును, తరంగములను కంటికి, చెవికి చూపవలెనని బడిలో ఒక చిన్న రేడియో కేంద్రము నెలకొల్పెను. అది సెకనుకు కోటి నలుబది రెండు లక్షల కంపనములు గల తరంగములపై, అనగా 14.2 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యముపై పనిచేయును. రేడియో తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఈ దూరమును కంపనముల సంఖ్యచే భాగించినచో ఒక్కొక్క తరంగపు పొడవు సుమారు 21 మీటర్లు వచ్చును. ఆ పొడవులో సగముండు తీగ ఈ తరంగములకు చక్కగా స్పందించును. కావున ఉపాధ్యాయుడు మేడమీద సుమారు 10 మీటర్ల తీగను ఏరియలుగా కట్టి, అక్కడినుండి క్రింది గదిలోని యంత్రమునకు ఒక కేబులును దించెను. యంత్రపు శక్తి 100 వాట్లు.

సాయంకాలమున యంత్రము పెట్టగానే పిల్లలకు పండుగయ్యెను. బ్రెజిలు పలికినది, ఇటలీ పలికినది. పటములో ఆ ఊళ్ళను వెదకుటకు పోటీపడిరి. గాని వీరు పిలిచినప్పుడు ఎవ్వరును బదులు పలుకరైరి. ఎప్పుడో ఒకసారి పొరుగు రాష్ట్రపు వాడొకడు, మీ మాట మిక్కిలి సన్నగా వచ్చుచున్నదని చెప్పి తప్పుకొనెను. ఉపాధ్యాయుడు మైకు మార్చెను. మిత్రుని యంత్రము తెచ్చి పెట్టెను. ఫలితము లేదు. మొదట ఇరువదిమంది పిల్లలు వచ్చు గదికి శీతకాలము గడచునప్పటికి ముగ్గురే మిగిలిరి. ఆ ముగ్గురిలో ఒక బాలిక, "మన మాట ఈ గది దాటి పోవుచున్నదా?" అని అడిగెను. దానికి ఉపాధ్యాయునివద్ద సమాధానము లేదు.

అతనిని ఎక్కువ కలతపెట్టినది యంత్రమునకు తగిలించిన మీటరు. యంత్రము పంపిన శక్తిలో కొంత, ఏరియలు తగినది కానిచో, వెనుకకు మరలును. గోడకు కట్టిన త్రాటిని ఊపినప్పుడు అల గోడను తాకి తిరిగివచ్చుటను పిల్లలు ఎరుగుదురు. ఇదియు అట్టిదే. పోవు అల, వచ్చు అల కలిసినందున తీగమీద ఏర్పడు హెచ్చుతగ్గులను 'స్థిర తరంగ నిష్పత్తి' అందురు. ఏమియు తిరిగిరానిచో ఈ నిష్పత్తి 1. తిరిగివచ్చునది పెరిగినకొలది ఈ అంకె పెరుగును. బడిలోని మీటరు 1కి మిక్కిలి దగ్గరగా చూపుచుండెను. అనగా ఏరియలు దివ్యముగా ఉన్నదని మీటరు సాక్ష్యము. అందరి మాట వినబడుచున్నది, మీటరు బాగున్నదనుచున్నది, తన మాట మాత్రము ఎవరికిని చేరుట లేదు.

ప్రయాణము

మే నెల వచ్చినది. ఒక శనివారము తెల్లవారకముందే ఉపాధ్యాయుడు ముగ్గురు మిత్రులతో బయలుదేరెను. ఒకడు కరెంటు పనివాడు. ఒకడు ఉద్యోగ విరమణ చేసిన తపాలా ఉద్యోగి. ఒకామె ఆసుపత్రి నర్సు. నర్సుకు ఇంకను లైసెన్సు లేదు. కూటమివద్ద జరుగు పరీక్షకు ఆమె దారిపొడవునను చదువుచునే ఉన్నది. అమెరికాలోని మొదటి తరగతి లైసెన్సునకు 35 ప్రశ్నలలో 26 సరిపోయిన చాలును. మోర్స్ సంకేతములలో పరీక్ష ఉండవలెనను నియమము ఆ దేశమున 2007లో తొలగినది.

కారులోని చిన్న రేడియో 2 మీటర్ల తరంగములది. ఈ పొట్టి తరంగములు వెలుతురువలె దాదాపు తిన్నగా పోవును. భూమి వంపు చాటునకు వచ్చినచో అందవు. అందుచేత హామ్‌లు ఎత్తైన స్తంభములపై 'రిపీటరు'లను నెలకొల్పుదురు. రిపీటరు ఒక పౌనఃపున్యముపై విన్న మాటను అదే క్షణమున మరియొక పౌనఃపున్యముపై బిగ్గరగా చెప్పును. జీనియా దగ్గరపడగానే అట్టి రిపీటరు ద్వారా స్వచ్ఛంద సేవకుడొకడు దారి చెప్పి, కారు ఎక్కడ నిలుపవలెనో తెలిపెను.

ఈ కూటమి 1952లో సమీపముననున్న డేటన్ నగరములో ఒక హోటలులో ప్రారంభమైనది. నడుపునది అచ్చటి ఔత్సాహిక రేడియో సంఘము. సైకిళ్ళ దుకాణము నడుపుచు విమానమును సాధించిన రైట్ సోదరుల ఊరు డేటన్. తరువాత చాలా ఏండ్లు ఈ ఉత్సవము హారా అరీనా అను పెద్ద భవనములో జరిగి, 2016లో ఆ భవనము మూతపడగా, 2017నుండి జీనియాలోని జిల్లా సంతమైదానమునకు మారినది. కోవిడ్ కారణముగా 2020, 2021లలో జరుగలేదు. జీనియా వారికి ఆపద తెలియనిది కాదు. 1974 ఏప్రిలు 3న వచ్చిన భయంకరమైన సుడిగాలి ఆ పట్టణమున ముప్పదిమందికి పైగా ప్రాణములు తీసినది.

పనికిరావన్న తరంగములు

మైదానమున మూడు లోకములు కనబడును. కొట్టములలో క్రొత్త యంత్రములు అమ్ము సంస్థలు, గదులలో ఉపన్యాసములు, బయట ఆరుబయలున పాత సామానుల అంగడి. మిత్రులు మొదట అంగడిలోనికే పోయిరి. బల్లలమీద వాల్వులు, కెపాసిటరులు, మోర్స్ మీటలు, సైన్యము వదలుకొన్న యంత్రములు, ఎవరి తాతలో చేతితో చుట్టిన తీగచుట్టలు. పాత వాల్వు ప్రసారిణి ఒకటి చూచి తపాలా ఉద్యోగి చాలసేపు నిలబడిపోయెను. హామ్‌ల చరిత్ర అంతయు అట్టి పెట్టెలలోనే జరిగినది.

తరంగము ఎంత పొడవైనచో అంత దూరము పోవునని 20వ శతాబ్దపు తొలి ఏండ్లలో పెద్దల నమ్మకము. 1912లో అమెరికా ప్రభుత్వము పొడుగు తరంగములను ఓడలకు, సంస్థలకు ఉంచి, ఔత్సాహికులకు 200 మీటర్లు, అంతకంటె పొట్టి తరంగములను విడిచినది. అవి పనికిరావని తలచినందుననే విడిచినది. కాదనలేక పుచ్చుకొన్న బీడుభూమివంటి దానిలో హామ్‌లు సేద్యము మొదలుపెట్టిరి. 1921 డిసెంబరులో అమెరికా హామ్‌ల సంకేతములను వినుటకు పాల్ గాడ్లే అను నిపుణుడు స్కాట్లండు తీరమున గుడారము వేసి కూర్చుండి, వానిని స్పష్టముగా వినెను. 1923 నవంబరులో ఫ్రాన్సులోని లియాన్ డెలాయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్‌లతో సుమారు 100 మీటర్ల తరంగముపై సంభాషణ జరిపెను. అట్లాంటిక్కునకు ఇరుప్రక్కల నుండి హామ్‌లు ఒకరికొకరు బదులు పలుకుట అదియే మొదలు.

1924 అక్టోబరు 18న న్యూజిలాండులోని ఫ్రాంక్ బెల్ సంకేతములకు లండనులోని మిల్‌హిల్ బడి నుండి సెసిల్ గోయ్‌డర్ అను 18 ఏండ్ల విద్యార్థి జవాబు పంపెను. భూగోళపు ఒక ప్రక్కనున్నవాడు దాదాపు దాని ఎదుటి ప్రక్కనున్నవానితో సంభాషించెను. ఒక బడిలోని రేడియో గది ఎంత పని చేయగలదో దీనివలన తెలియును. ఈ గోయ్‌డరే 1936లో భారతదేశమునకు వచ్చి ఆకాశవాణికి ప్రధాన ఇంజనీరై, మన దేశమున ప్రసార కేంద్రములను పెంపొందించెను.

ఈ తరంగములు భూమి వంపును ఎట్లు దాటినవి? సూర్యుని అతినీలలోహిత కిరణములు, ఎక్స్ కిరణములు పై గాలిలోని అణువులనుండి ఎలక్ట్రానులను విడదీయును. అట్లేర్పడిన విద్యుత్ పొరలు సుమారు 200 నుండి 400 కిలోమీటర్ల ఎత్తున, తమను చేరిన హ్రస్వ తరంగములను వంచి నేలకు మరలించును. నేల వానిని తిరిగి పైకి పంపును. ఇట్లు గంతులు వేయుచు తరంగము ఖండములను దాటును. ఇట్టి పొర ఉండవలెనని 1902లో కెన్నెలీ, హెవిసైడ్ అను శాస్త్రజ్ఞులు ఊహించిరి. 1924లో ఆపిల్టన్ దానిని ప్రయోగమున నిరూపించి, 1947లో నోబెల్ బహుమానము పొందెను.

ఉపాధ్యాయుని ఏరియలు పనిచేయవలసినది ఈ అద్దము మూలముననే. అద్దము బాగుగనే ఉన్నది, ఇతరుల మాటలు వినబడుటయే సాక్ష్యము. లోపము దానికి క్రిందనున్నది.

కేబులుల అంగడిలో సమాధానము

మధ్యాహ్నము ఉపాధ్యాయుడు, ఏరియలు మార్చి చూతమని, తీగలు అమ్ము ఒక వృద్ధునివద్దకు పోయెను. ఎందులకని వృద్ధుడు అడిగెను. ఉపాధ్యాయుడు చెప్పినదంతయు అతడు ఓపికతో విని, తీగ తీయకుండ ఒక ప్రశ్న వేసెను:

"మేడమీద ఏరియలును కేబులు నుండి ఊడదీసినప్పుడు మీటరు ఏమి చూపినది?"

"ఊడదీసి చూడలేదు. బాగున్నదని చూపుచుండగా ఎందుకు ఊడదీయుదును?"

"బాగున్నదని చూపుచున్నందుననే చూడవలెను. ఏరియలు లేకున్నను మీటరు బాగుగనే ఉన్నదన్నచో, మీ శక్తి ఏరియలు దాకా పోవుటయే లేదు."

వృద్ధుడు బల్లక్రిందినుండి పాత కేబులు ముక్క నొకదానిని తీసి కత్తితో చీల్చెను. ఈ కేబులులో నడుమ ఒక తీగ, దాని చుట్టును ప్లాస్టిక్కు, దానిపై రాగి జల్లెడ, ఆపైన నల్లని తొడుగు ఉండును. ఎఱ్ఱగా మెరయవలసిన రాగి జల్లెడ పచ్చబడి, నల్లబడి, వ్రేలితో రుద్దగా పొడియై రాలినది. ఒక కొనవద్ద సందులో దూరిన వాననీరు వత్తిలో నూనె ప్రాకినట్లు జల్లెడ వెంట లోనికి ప్రాకినది. పైకి మాత్రము తొడుగు క్రొత్తదానివలెనే ఉన్నది.

అట్టి కేబులు పంపిన శక్తిలో పదింట తొమ్మిది పాళ్ళు మ్రింగునదనుకొందము. యంత్రము 100 వాట్లు పంపగా కొనకు చేరునది 10 వాట్లు. అక్కడ ఏరియలు లేనిచో ఆ 10 వాట్లును వెనుకకు మరలవలెను. తిరుగుదారిలో వానిలో 9 వాట్లను కేబులే మ్రింగగా, మీటరును చేరునది 1 వాటు. పోయినది 100, వచ్చినది 1 అని చూచిన మీటరు పాపము ఏమి చేయును? నిష్పత్తి సుమారు 1.2 అని, అంతయు క్షేమమని చెప్పును. గండ్లు పడిన పంటకాలువలో నీరు వదలి, తూము మూసినను నీరు వెనుకకు ఎగదన్నలేదు గనుక చేలకు చేరుచున్నదని తలచుట యెట్టిదో ఇదియు అట్టిదే.

మరి, ఇతరుల మాటలు చక్కగా ఎట్లు వినబడినవి? అవియు ఈ కేబులు వెంటనే రావలెను గదా అని ఉపాధ్యాయుడు అడిగెను. ఈ ప్రశ్నలోనే అసలు రహస్యమున్నది. ఏరియలునకు మాట ఒక్కటియే అందదు. దూరపు మెరుపులవలన, ఊరిలోని యంత్రములవలన పుట్టిన రొదయు దానితోపాటు అందును. చెడిన కేబులు మాటను పదవ వంతు చేయును, రొదను కూడ పదవ వంతే చేయును. రెండింటి నిష్పత్తి మారదు. ఈ తరంగములపై వెలుపలి రొద గ్రాహకపు స్వంత రొదకంటె ఎంతో హెచ్చు గనుక, ధ్వనిని కొంచెము పెంచినచో మాట మునుపటివలెనే తెలియును. వినుటలో నష్టము కనబడదు. పంపుటలో మాత్రము 100 వాట్లు 10 వాట్లగును. అవతలివాని రొద మన కేబులును బట్టి తగ్గదు గదా! 10 వాట్లతో ఖండములు దాటు నేర్పరులు కలరు. గాని అందరును ఒక్కసారిగా పిలుచు సందడిలో క్రొత్తగా నేర్చు పిల్లల గొంతు అణగిపోవును.

వృద్ధుడు క్రొత్త కేబులు అమ్మెను. ఏరియలు తీగ అమ్మలేదు. మీకది అక్కరలేదని చెప్పెను. కేబులు కొనలను నీరు చొరకుండ రబ్బరు పట్టీతో ఎట్లు చుట్టవలెనో, ఏ కొననుండి మొదలిడవలెనో రెండుసార్లు చేసి చూపెను. పట్టీని క్రిందినుండి పైకి, ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై ఒకటి వచ్చునట్లు చుట్టవలెనని మీటరుతో ఇచ్చు కాగితమున వ్రాసియుండదు.

ఆదివారము సాయంకాలము

నర్సు 35లో 29 ప్రశ్నలకు సరిగా వ్రాసి ఉత్తీర్ణురాలయ్యెను. పరీక్ష పెట్టినవారును హామ్‌లే, దిద్దినవారును హామ్‌లే. ఆదివారము మధ్యాహ్నము మిత్రులు తిరుగు ప్రయాణమై, ఇండ్లకు పోకుండ తిన్నగా బడికి పోయిరి. కరెంటు పనివాడు మేడ ఎక్కి ఏరియలును ఊడదీసెను. క్రింద మీటరు సూచిక 1.2 దాటలేదు. వృద్ధుడు చూడకయే చెప్పినది నిజమైనది.

క్రొత్త కేబులు వేసి, ఏరియలు తగిలింపక చూచిరి. ఈసారి సూచిక చివరి కొసకు పోయి నిలిచెను. ఏరియలు తగిలించిరి, 1.5 వద్ద నిలిచెను. మునుపు చూపినదానికంటె ఇది హెచ్చు అంకె, అనగా చూచుటకు హీనము. ఐనను ఇందు తిరిగివచ్చునది నూటికి 4 పాళ్ళు మాత్రమే. మునుపటి అందమైన అంకె అబద్ధము, ఇది నిజము. మీటరు చెప్పునది నమ్ముటకు ముందు మీటరు దేనిని చూడగలదో తెలిసికొనవలెనను పాఠము ఉపాధ్యాయునకు ఆ సాయంకాలము దొరకినది. మరునాడు ఆ బాలిక పిలువగా పోర్చుగల్ నుండి ఒకడు బదులు పలికి, ఆమె పేరును అక్షరము అక్షరముగా తిరిగి చెప్పెను. ఆ వారము గదిలో కుర్చీలు చాలలేదు.

ఆపద రాకముందే

ఇది ఒక బడిలోని చిన్న సంగతి. గాని ఇట్టి లోపము తుపాను రాత్రి బయటపడినచో? స్తంభములు కూలి, తీగలు తెగి, ఊరికి ఊరికి మాట అందని స్థితి ఎట్టిదో 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేటి సెల్‌ఫోనునకును స్తంభము, కరెంటు కావలెను. అట్టివేళ ఒక బ్యాటరీ, ఒక చిన్న యంత్రము, పది మీటర్ల తీగ గల మనుష్యుడు ఊరంతటికిని నోరగును. అతని కేబులు చెడియుండనిచో.

2004 డిసెంబరులో భారతి ప్రసాద్ నాయకత్వమున కొందరు హామ్‌లు అండమాను దీవులకు పోయిరి. ఆ యాత్రను ఏర్పాటు చేసినది 1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ. అరుదైన దీవులనుండి లోకపు హామ్‌లతో మాటలాడుటయే వారి ఉద్దేశము. అనగా అదియును ఒక సరదాయే. 26వ తేదీ ఉదయమున భూకంపము, సునామీ వచ్చినవి. దీవులతో సంబంధములు తెగినవి. పోర్టుబ్లెయిరులోని ఆ హామ్‌లు వెంటనే సరదాను విడిచి, అవే యంత్రములతో, అవే ఏరియళ్ళతో క్షేమ సమాచారములు ప్రధాన భూభాగమునకు చేరవేసిరి. వారి యంత్రములు అంతకు ముందు దినములలో వేలమందితో మాటలాడి, పరీక్షకు నిలిచినవి. వారి మాట అందునో అందదో అని ఆనాడు క్రొత్తగా చూచుకొనవలసిన అవసరము లేకపోయినది.

రేడియో మిత్రులు తిరునాళ్ళకు పోవుటలోని ప్రయోజనమిదియే. గాలిలో మాటలాడుకొనునప్పుడు ఒకరి కేబులు మరియొకరికి కనబడదు. పచ్చబడిన రాగిని వ్రేలితో రుద్ది చూపుటకు మనుష్యులు ఎదురెదురుగా నిలువవలెను. తన మాట అవతలివారికి చేరుచున్నదో లేదో తాను వినుచున్నదానిని బట్టి ఎవడును నిర్ణయింపలేడు. అవతలివానిని అడుగవలెను. అడుగుటకు తీరిక ఉన్న దినములలోనే అడుగవలెను.